కొన్నింటికి తిలోదకాలు ఇవ్వాలి

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 47 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్‌ని. మాది తణుకు దగ్గర పల్లెటూరు. పోయిన ఏడాది జూన్‌లో మా అన్నయ్య గుండెపోటు వచ్చి పోయాడు. ఆయనకి 51. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఉంచాలా, తీసేయాలా అని డాక్టర్లు అడిగితే ఇంట్లో ఒక్కళ్లం నోరు విప్పలేకపోయాం. అంతకి రెండు వారాల ముందు ఫోన్ చేసి, "ముంజలు అయిపోతున్నాయిరా, ఓసారి రా" అన్నాడు. "వచ్చే నెల చూస్తానన్నయ్యా" అన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడే ఆఫీసు పనిలో కూర్చున్నాను. ఆ వారంలోనే ఒక నోట్‌బుక్ కొని, పోయేలోపు చెయ్యాల్సినవన్నీ రాశాను. 63 వచ్చాయి. ఆ పేజీల ఫొటోలు పంపుతున్నాను. పొద్దున్న నాలుగున్నరకే లేస్తున్నాను. మృదంగం క్లాసు, జిమ్, ఫ్రెంచి... ఏదీ సగం దాటట్లేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది, ఇక నిద్ర పట్టదు. "మీరు ఇంట్లోనే ఉన్నారు గానీ మాతో లేరు" అంటోంది మా ఆవిడ. ఊళ్లో అమ్మ, వదిన ఉన్నారు. అమ్మకి 76. అన్నయ్యలాగే నేనూ సగంలో పోతానేమోనని టెన్షన్. ఉన్న టైమ్‌లో ఇవన్నీ పూర్తయ్యే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ,

మీరు అడిగిన పద్ధతి లేదు. ఆ 63 పనులూ పూర్తి కావు. నాలుగున్నరకి బదులు మూడున్నరకి లేచినా కావు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నందుకు ఏమీ అనుకోకండి. చుట్టూ తిప్పి చెబితే ఇంకో నోట్‌బుక్ కొంటారని నా భయం.

మీ పేజీలు రెండుసార్లు చదివాను. తర్వాత పెన్సిల్ తీసుకుని లెక్క వేశాను. వారానికి 168 గంటలు. రోజుకి ఏడు గంటల నిద్ర అనుకుంటే 49 పోతాయి. మీరు రాసినదాన్ని బట్టి ఆఫీసుకీ, ఆ ట్రాఫిక్‌లో వెళ్లి రావడానికీ 62. స్నానం, తిండి, కూరగాయలు, కరెంటు బిల్లు, పిల్లల స్కూల్ మీటింగు, చుట్టాల పెళ్లిళ్లు కలిపి 30 కంటే తగ్గవు. మిగిలేవి 27. మీ ఆవిడతో కబుర్లు, పిల్లలు, అమ్మతో ఫోన్, జ్వరం వచ్చి పడుకునే రోజులు, ఏమీ చెయ్యకుండా బాల్కనీలో కూర్చునే సాయంత్రాలు అన్నీ ఆ 27లోనే. మృదంగం ఒక్కటీ చేతికి రావాలంటే రోజూ గంట చొప్పున ఏళ్లు పడుతుంది. పన్నెండు జ్యోతిర్లింగాలు అని రాశారు. మనకి చేరువలో ఉన్నది శ్రీశైలం ఒక్కటే. మిగతావి కేదార్‌నాథ్ నుంచి రామేశ్వరం దాకా ఉన్నాయి. ఒక్కోటీ విడిగా చూస్తే ఏదీ అసాధ్యం కాదు. అందుకే మోసపోయారు. పట్టీలో ప్రతి పనీ తాను ఒక్కదాన్నే ఉన్నట్టు మాట్లాడుతుంది.

నేను 31 ఏళ్లు నర్సుగా చేశాను. ఆఖరి 14 ఏళ్లు క్యాన్సర్ వార్డులో. అక్కడ చూసిన ఒక పెద్దమనిషి గురించి చెబుతాను, ఎందుకంటే మీ పట్టీ చదువుతున్నంతసేపూ ఆయనే గుర్తొచ్చాడు.

ఆయన దర్జీ. చిన్న టౌన్‌లో బస్టాండు పక్కన కొట్టు. కడుపులో క్యాన్సర్, బాగా ముదిరిపోయాక వచ్చాడు. మొదటి వారం నొప్పితో మెలికలు తిరగడం తప్ప వేరే లోకం లేదు. మార్ఫిన్ మోతాదు కుదిరాక మనిషి లేచి కూర్చున్నాడు. (నొప్పి తగ్గించకుండా మనిషితో బతుకు గురించీ చావు గురించీ మాట్లాడబోవడం అన్యాయం. నేను చూసినవాళ్లలో ఒంట్లో నొప్పి ఉన్నంతసేపూ ఎవరూ ఏదీ ఆలోచించలేకపోయారు.) లేచి కూర్చున్న రోజే కొడుకుని పిలిచి కొట్లో ఉన్న బట్టల సంచి తెమ్మన్నాడు. ఒక్కో బట్టకీ కొలతల చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. మంచం మీద పరిచి లెక్కపెడితే 18. జాకెట్టు ముక్కలు, రెండు లాల్చీలు, ఎవరిదో పెళ్లి జాకెట్టుకి కట్‌చేసిన పట్టు.

ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. పొద్దున్న డ్రిప్ మారుస్తుంటే, "సిస్టరమ్మా, అన్నీ కుట్టలేను కదా" అన్నాడు. నేను ధైర్యం చెప్పబోయాను, అలవాటు కొద్దీ. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. మూడు రోజుల పాటు వార్డులోంచే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. "నాకు కుదరదమ్మా, బట్ట పంపిస్తున్నాను. ఫలానా ఆయన దగ్గర కుట్టించుకో, మెడ బాగా తీస్తాడు." పెళ్లి జాకెట్టు ఆవిడ ఫోన్‌లో కేకలేసింది. కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. తనకి జబ్బని చెప్పలేదు. పదిహేడు బట్టలు వెనక్కి వెళ్లిపోయాయి. ఒకటి ఉంచుకున్నాడు. మనవరాలి పరికిణీ.

వార్డులోకి మిషను తేనివ్వరు. చేత్తోనే కుట్టాడు. రోజుకి అరగంట, ఒక్కోరోజు పది నిమిషాలు. అంచు కుట్టేటప్పుడు ఆయన మొహం చూస్తే జబ్బు మనిషి అనిపించేది కాదు. "కుట్టలేనని చెప్పేదాకానే చెయ్యి వణికిందమ్మా" అన్నాడు ఒకసారి. పరికిణీ దాదాపు అయిపోయింది. బొందు మాత్రం ఆయన పోయాక భార్య ఎక్కించింది.

నేను ఆ మనిషి నుంచి నేర్చుకున్నది ఆ ఒక్క పరికిణీ గురించి కంటే, వెనక్కి పంపిన పదిహేడు గురించి ఎక్కువ. వాటిని పంపడానికి ఆయన ఏడ్చాడు. నలభై ఏళ్ల పేరు, ఇచ్చిన మాట, ఆ పట్టు బట్ట మీద తాను వేద్దామనుకున్న డిజైను, అన్నీ వాటితో పాటే పోయాయి. కానీ పంపకపోతే పద్దెనిమిదీ ఆ సంచిలోనే ఉండిపోయేవి, పరికిణీతో సహా.

మీ సంచిలో 63 ఉన్నాయి.

మన భాషలో ఒక మాట ఉంది, తిలోదకాలు ఇవ్వడం. ఏదైనా పూర్తిగా వదిలేస్తే తిలోదకాలు ఇచ్చేశాడంటాం. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మీకు పోయిన జూన్‌లోనే తెలిసింది. మీ అన్నయ్య కొడుకు నువ్వులూ నీళ్లూ విడుస్తుంటే పక్కన నిలబడి చూసి ఉంటారు. చనిపోయినవాళ్లకి ఇచ్చేవాటి పేరునే, మనం వదులుకునే ఆశలకీ పెట్టారు మన పెద్దవాళ్లు. ఆశ వదులుకోవడం కూడా ఒక చిన్న చావే అని, దానికీ ఒక కర్మ ఉంటుందనీ వాళ్లకి తెలుసని నాకనిపిస్తుంది. మీరు మాత్రం ఫ్రెంచి నేర్చుకోలేకపోతే అది మీ తప్పనీ, మీకు క్రమశిక్షణ లేదనీ అనుకుంటున్నారు. తప్పు అనుకున్నంతకాలం ఇంకా గట్టిగా పరుగెత్తాలనిపిస్తుంది. దుఃఖం అనుకుంటే కూర్చుని ఏడవగలరు, తర్వాత లేవగలరు.

ఇంకో సంగతి. పెద్దకర్మ అయిన మర్నాడే ఆఫీసులో కూర్చున్నానని రాశారు. పదకొండు రోజులూ, పదమూడు రోజులూ అంటూ మన ఇళ్లలో పనులన్నీ ఆపేసి కూర్చునేది ఊరికే కాదు. మీరు ఆ రోజుల్లో కూడా ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటారు. మీ అన్నయ్య కోసం మీరు ఇంకా ఏడవలేదేమో. ఏడవాల్సిన చోట పట్టీ రాశారేమో. నాది పొరపాటైతే క్షమించండి, కానీ అంత దగ్గరివాడి పెద్దకర్మ అయిన వారంలోనే 63 పనులు రాసుకున్నారంటే నాకు మాత్రం అది పెద్ద ఏడుపులాగే వినపడుతోంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న పోయిన రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. ఆయన ఊళ్లో, నేను వార్డులో. ఆయన పోయిన గంటకి అటూ ఇటుగా నేను వేరే ఎవరి నాన్న పక్కనో కూర్చుని పెదాలు తడుపుతున్నాను. చాలా ఏళ్లు ఆ రాత్రిని తిట్టుకున్నాను. సెలవు పెట్టి ఉండాల్సింది, ముందే గ్రహించి ఉండాల్సింది అని. ఇప్పుడు తిట్టుకోవడం లేదు. బాధ పోలేదు, పోదు కూడా. మనిషికి ఉన్నది ఒక్క ఒళ్లు. అది ఒకసారికి ఒక్క మంచం పక్కనే కూర్చోగలదు. మా నాన్న దగ్గర ఉండి ఉంటే ఆ ముసలాయన దగ్గర ఉండేదాన్ని కాదు. ఎటు వెళ్లినా ఒక మంచం ఖాళీగా ఉండేది. మీరు ముంజలకి వెళ్లలేకపోవడం కూడా అలాంటిదే కావచ్చు. ఆ వారం మీరు ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో గుర్తు చేసుకోండి. పనికిమాలిన చోట ఉన్నామనిపిస్తే ఆ సంగతి కూడా నిజాయితీగా ఒప్పుకోండి. రెండూ ఉంటాయి జీవితంలో.

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. ఇప్పుడది 70 దాకా వచ్చింది. అప్పట్లో పసిపిల్లలు ఎక్కువగా పోయేవాళ్లు, సగటు అంత తక్కువగా ఉండడానికి అదొక పెద్ద కారణం. మా అమ్మమ్మ తొమ్మిది మందిని కని ఐదుగురిని పెంచుకుంది. ఆవిడకి చావు వసారాలోనే ఉండేది. మనకి ఐసీయూ అద్దాల వెనక్కి వెళ్లిపోయింది. ఎక్కువ ఏళ్లు దొరికాయి, చాలా సంతోషం, వాటి కోసం నేనూ ఒక చెయ్యి వేశాను. కానీ దొరికిన ఏళ్లకి అంచు ఉందన్న సంగతి మర్చిపోయాం. మీకు అన్నయ్య రూపంలో ఒక్కసారిగా ఆ అంచు కనపడింది, భయపడ్డారు. ఎవరైనా భయపడతారు.

భయంలో ఒక భాగానికి మందు ఉంది, అది ముందు చూడండి. సొంత అన్నకో తండ్రికో 55 దాటకుండా గుండెపోటు వస్తే మనకీ ముప్పు ఎక్కువని డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. మీ అన్నయ్యకి 51. కాబట్టి ఈ వారంలోనే గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఆ సంగతి నోరు తెరిచి చెప్పి, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోండి. రాత్రిపూట దడ సంగతి కూడా చెప్పండి. అన్నీ బాగానే ఉన్నాయని తేలితే, నెలల తరబడి ఉన్న ఆ రాత్రి రెండింటి మెలకువ అప్పటికీ మానకపోతే, మానసిక వైద్యుణ్ని కలవండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చావుని ఒప్పుకోవడం అంటే ఒంటిని గాలికొదిలెయ్యడం అని ఎవరైనా చెబితే నమ్మకండి. నాలుగున్నరకి లేవడం మాత్రం మానెయ్యండి. మీ గుండెకి జిమ్ కంటే ముందు నిద్ర కావాలి.

ఆ తొమ్మిది రోజుల సంగతి. నోరు విప్పలేకపోయామని రాశారు. ఆ వాక్యం ఒక్కటే మీ ఉత్తరంలో చేతిరాత మారినట్టు అనిపించింది నాకు. అద్దం అవతల కుటుంబాలు అలా నిలబడడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఆ మనిషికి ఏం కావాలో ఎవరికీ తెలియదు, అంతే. ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మన ఇళ్లలో ఆ మాట ఎత్తితే "అశుభం మాట్లాడకు" అంటారు.

దీనికి మన చట్టంలో దారి ఉంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. కోలుకునే ఆశ లేని స్థితి వస్తే తనకి ఎలాంటి వైద్యం వద్దో మనిషి ముందుగానే రాసి పెట్టుకోవచ్చంది. లివింగ్ విల్ అంటున్నారు దాన్ని. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలనడంతో చాలామంది ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో కోర్టే దాన్ని తేలిక చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే చాలు. 18 ఏళ్లు నిండి, తెలివిలో ఉన్న ఎవరైనా రాయొచ్చు. మనం మాట్లాడలేని స్థితిలో మన తరఫున ఎవరు మాట్లాడాలో అందులో పేరు రాయొచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. కాగితం ఉంది కదా అని ఎవరో ఒకరు వచ్చి మిషను ఆపెయ్యరు. ఆస్పత్రిలో డాక్టర్ల బోర్డులు రెండు, విడివిడిగా చూసి ఒప్పుకోవాలి. మీరు, మీ ఆవిడ ఒక ఆదివారం కూర్చుని దీని గురించి మాట్లాడుకోండి. కాగితం తర్వాత సంగతి. "నాకిలా అయితే ఇలా చెయ్యి" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకోవడం ముఖ్యం. మొదటి పది నిమిషాలు కష్టం. తర్వాత మీ ఆవిడ ఇన్నాళ్లూ ఎంత భయాన్ని ఒంటరిగా మోస్తోందో మీకు తెలుస్తుంది. ఆవిడ కూడా బావగారిని పోగొట్టుకుంది, ఇప్పుడు మిమ్మల్ని పోగొట్టుకుంటున్నానని అనుకుంటోంది.

అమ్మగారి దగ్గరికి ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారో రాయలేదు. హైదరాబాద్‌లో మీలాంటి ఉద్యోగం చేసేవాళ్ల అలవాటు చూస్తే సంక్రాంతికోసారి, వేసవిలోనో దసరాకో ఇంకోసారి, మొత్తం ఆరు రోజులు అనుకుందాం. ఆవిడ నిండుగా ఇంకో పదేళ్లు ఉన్నా, మీరు కలిసి గడిపేది 60 రోజులు. పదేళ్లు అనగానే చాలా ఉందనిపిస్తుంది, రెండు నెలలు అంటే ఆ మాట వేరుగా వినిపిస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏడాదికి ఇంకో నాలుగు రోజులు కలిపితే ఆ అరవై వంద అవుతాయి. ఫ్రెంచి వదిలేస్తే దొరికే రోజులు అవి.

పట్టీ విషయంలో మీరు చెయ్యాల్సింది చెబుతాను. రాత్రి రెండింటికి కాదు, ఒక సెలవురోజు మధ్యాహ్నం భోజనం చేసి కూర్చోండి. మూడో నాలుగో ఉంచుకోండి, అంతకంటే వద్దు. ఏవి ఉంచుకోవాలో నేను చెప్పను. మిగతావి ఒక్కొక్కటీ పైకి చదివి, దాని మీద అడ్డంగా గీత కొట్టండి. దర్జీగారు ఫోన్ చేసినట్టు, ఒక్కొక్కదానికీ విడిగా చెయ్యండి. కేదార్‌నాథ్ మంచు నేను చూడను. హాఫ్ మారథాన్ నేను పరుగెత్తను. గొంతు పట్టేసినచోట ఆగండి. "ఎప్పుడైనా కుదిరితే" అని పక్కన ఇంకో పట్టీ మాత్రం రాయొద్దు, సంచి మళ్లీ నిండుతుంది. మృదంగం మీద మీకు నిజంగా ప్రేమ ఉంటే, వచ్చినంత వాయించండి. కచేరీ స్థాయికి రాకపోయినా ఆదివారం పొద్దున్న మీ ఇంట్లో మోగితే చాలు. దర్జీగారి పరికిణీకి బొందు వేరొకరు ఎక్కించారు, ఆ పాప పండక్కి కట్టుకుంది.

ఇంతకీ నన్ను నిద్రపోనివ్వనిది మీ పట్టీలో 41వ పని. "అన్నయ్య కొడుకుని చూసుకోవాలి." నలభయ్యో పని కాలిగ్రఫీ. నలభైరెండోది ఆల్కలైన్ నీళ్ల మిషను కొనడం. ఆ కుర్రాడు వాటి మధ్యలో ఉన్నాడు, పేరు కూడా లేకుండా. మీరు నిర్లక్ష్యంతో రాశారని నేను అనుకోవడం లేదు. వాడి మొహంలో అన్నయ్య కనపడతాడు కాబట్టి మధ్యలో దాచారు. వాడికి ఫీజు కట్టే మనిషి కంటే, వాళ్ల నాన్న చిన్నప్పుడు ఎలా ఉండేవాడో చెప్పే మనిషి అవసరం. ఆ కథలు తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది మీ అమ్మగారూ, మీరూ.

సంవత్సరీకానికి ఎలాగూ ఊరు వెళ్తారు. ఈసారి రెండు వారాలు ముందే సెలవు పెట్టి వెళ్లండి. లాప్‌టాప్ హైదరాబాద్‌లోనే ఉండనివ్వండి. మే నెలాఖరుకి ముంజలు ఇంకా ఉంటాయి. మీ అన్నయ్య ఏ చెట్టు కాయలు కొట్టించేవాడో వాడికి తెలిసే ఉంటుంది. ఈ రోజే ఫోన్ చేసి వాణ్ని అడగండి.